సద్ది కట్టిన చెయ్యి

పొద్దున నాలుగున్నరకు లేచుడు సోమమ్మకు కాపురానికొచ్చిన నాటి సంది అలవాటు. మంగయ్య రిటైరై ఆరేండ్లయింది, బొగ్గుబాయి సైరను వినపడక కూడ చాన్నాళ్లయింది, అయినా ఆమె కండ్లు ఆ టైముకే తెరుసుకుంటయి. లేచి వాకిలి ఊడ్చి, చాయ పెట్టి, బియ్యం కడిగి పొయ్యి మీద ఎక్కించి, మూడు గిన్నెల స్టీలు డబ్బాను తీసి కొంగుతోని తుడుస్తది. అడుగు గిన్నెల అన్నం, నడిమి గిన్నెల కూర, పై గిన్నెల తొక్కు. మూతపెట్టి, కడ్డీ బిగించి, గుడ్డల మూటగట్టంగనే ఆమెకు ఒక నిట్టూర్పు వస్తది. ఇంట్ల అందరికన్న ముందు డ్యూటీ ఎక్కేది ఆమెనే మరి.

సంగతేందంటే, మంగయ్య ఇంటోళ్లది తాతల కాలం నుంచి ఒక తీరు. ఆ ఇంట్ల సద్ది ఎవరు కడితే, ఆ సద్ది తిన్నోళ్ల అలుపు కట్టినోళ్లకు వస్తది. తిన్నోళ్లు ఎంత పని చేసినా వాళ్లకు రాదు. ముప్పై నాలుగేండ్లు మంగయ్య బొగ్గుబాయి దిగి, చెమ్మసు పారతోని బొగ్గు తట్టలకెత్తి, తట్టలు మోసి టబ్బులల్ల పోసిండు. షిఫ్టు దిగి బొగ్గు నింపే మిగతా ఫిల్లర్లు గోడలు పట్టుకోని నడుస్తుంటే ఈయన ఈల వేసుకుంట ఇంటికొచ్చేది. ఇంటికాడ సోమమ్మ గడప మీద కూలబడి ఉండేది. కాలనీల అందరికీ ఎరుకే. "ఇయ్యాల బాయిల పని జాస్తి ఉన్నట్టుంది, సోమమ్మ బోరింగు కాడికి కూడ రాలే" అనుకోని, ఎవరో ఒకరు ఆమె బిందె నింపి తెచ్చి పెట్టేటోళ్లు. దవాఖానల కాంపౌండరు చీటీ మీద "భర్త ఫిల్లరు" అని రాసి బలం గోళీలు ఇచ్చి పంపేటోడు. అంతకు మించి ఎవరు అడిగేది లేదు, ఎవరు చెప్పేది లేదు.

ఒక ఏడాది మంగయ్యకు మంచి కార్మికుడని శాలువ కప్పిన్రు. వరుసగ పన్నెండు డబుల్ డ్యూటీలు చేసినా మనిషి వాడిపోలేదని పెద్దసార్లు మెచ్చుకున్నరు. ఆ శాలువ కప్పుకోని వారం రోజులు పండుకున్నది సోమమ్మ.

ఆమె కాపురానికొచ్చిన తెల్లారి అత్త ఈ డబ్బానే చేతిల పెట్టి, "ఇగ నీ వంతు బిడ్డా" అని లోపటికి పోయి రెండు రోజులు లేవకుండ నిద్రపోయింది. లేచినంక పదేండ్లు చిన్నగైనట్టు కనపడ్డది. అప్పటికి సోమమ్మకు ఇరవై ఏండ్లు. మంగయ్య రిటైరైన నాడు దండలేసి జీపుల తెచ్చి దించిపోతుంటే తోటోళ్లందరు ఏడ్సిన్రు. సోమమ్మ ఒక్కతే లోలోపట సంబురపడ్డది, ఇగ తన అలుపు తీరుతదని. తీరలేదు. ముప్పై నాలుగేండ్లది ఒంట్ల ఏ మూలకు ఆ మూల పేరుకోని కూసున్నది. నిద్రపోయినా కదలదాయె.

గిసొంటి టైముల మనుమరాలు భార్గవికి గుట్ట ఎక్కే పని పడ్డది.

భార్గవి పదకొండేండ్ల పిల్ల. కొడుకు చందర్, కోడలు శ్రీదేవి మణుగూరుల ఉంటరు. కోడలికి చంటోడు పుట్టినంక పిల్లను ఇక్కడ ఉంచి చదివిస్తున్నరు. ఈ పిల్లతోని ఒకటే బెంచి మీద కూసున్న ఉదయశ్రీ పోయినేడు ఖమ్మం పోయింది. ఈ యేడు మున్నేరు పొంగి వాళ్ల వీధి మునిగింది. నీళ్లు తీసినంక ఉదయశ్రీ ఫోన్ల ఇల్లు చూపెట్టింది. గోడ మీద మనిషెత్తు దాకా బురద గీత, తడిసి ఉబ్బిన పుస్తకాలు, కూలిన బీరువా.

"మీ పొయ్యి ఏదే?" అని అడిగింది భార్గవి.

"కొట్టుకపోయింది. మా వీధిల పద్దెనిమిది ఇండ్లు. ఒక్కింట్ల కూడ పొయ్యి లేదు. ఎవరన్న వ్యాన్ల తెస్తే తింటున్నం."

పక్కన కూసోని చిక్కుడుకాయలు గిల్లుతున్న సోమమ్మ చేతులు ఆ మాటకు ఆగినయి. పొయ్యి లేని ఇల్లంటే ఏందో ఆమెకు ఒకరు చెప్పే పని లేదు.

తెల్లారి బడిల భార్గవి ఆటల సారు హరిప్రసాదును అడిగింది, పద్దెనిమిది పొయ్యిలు కొనాలంటే ఎట్ల సార్ అని. ఉత్తగ చెయ్యి చాపితే ఎవరు ఇయ్యరు, ఏదన్న చేసి చూపెట్టాలె అన్నడు సారు. కాలనీ చివర ఓబీ గుట్ట ఉంది. ఓపెన్ కాస్టు తవ్వినప్పుడు పై మట్టి తెచ్చి పోస్తే అయిన గుట్ట. దాని మీద కానుగ, టేకు చెట్లు పెరిగి ఇప్పుడు అడవిల కలిసిపోయింది. సారు పర్మిషన్ అడిగొచ్చిండు. బడి విడిచినంక ఇరవై ఒక్క రోజులు భార్గవి ఆ గుట్ట ఎక్కాలె. ఎక్కినప్పుడల్లా ఒప్పుకున్న ఇంటోళ్లు పది రూపాయల చొప్పున ఇయ్యాలె. ఆఖరి రోజు ఆదివారం పడ్డది.

మొదటి రోజు ఒక్కసారి ఎక్కింది. మూడో రోజు రెండుసార్లు. వారం తిరిగేసరికి నాలుగుసార్లు ఎక్కి దిగి, ఇంటికొచ్చి తాడాట ఆడుతున్నది. ఎందుకాడదు? మధ్యాన్నం బడిల ఆమె తిన్నది బాపమ్మ కట్టిన సద్ది. సాయంత్రం నాలుగున్నర కాంగనే ఇంటికాడ సోమమ్మ మోకాళ్లు పట్టుకునేది. కాలనీ ఆడోళ్లు గుట్ట దిక్కు చూడకుండనే లెక్క చెప్పేటోళ్లు. "సోమమ్మ గోడకానుకున్నది, ఒకటైంది. మంచం పట్టింది, మూడైనయి."

ఎనిమిదో రోజు పొద్దున భార్గవి డబ్బా ముట్టలేదు. "బాపమ్మా, నేను బిస్కెట్ పుడ తీసుకపోత. ఇయ్యాల డబ్బా వద్దు."

"ఎందుకు?"

"నీకు మస్తు అలుపైతాంది కద."

సోమమ్మ పిల్ల కాళ్ల దిక్కు చూసింది. సన్నటి కాళ్లు, మోకాళ్ల మీద పాత గాయాల మచ్చలు. "గీ అలుపు నీకెక్కితే రేపు బడికెట్ల పోతవు? నువ్వు ఎక్కు. నేను ఆ పొయ్యిల కోసం కడుతున్న, నీ కోసం కాదు" అని డబ్బా చేతిల పెట్టింది. సగం అబద్ధం. పిల్ల కోసమే కట్టింది.

పదిహేడో రోజుకు పదకొండు పొయ్యిల పైసలైనయి. ఇంకా ఏడు కావాలె. చండ్రుగొండ రోడ్డు మీద స్టవ్వుల షాపు పెట్టిన నాగచైతన్య ఆ సాయంత్రం కారేసుకోని వచ్చిండు. వీళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నోళ్లు. మాట మెత్తగ ఉంటది.

"పాపా, ఆదివారం ఒక్కరోజులో ఇరవైసార్లు ఎక్కావనుకో, మిగతా ఏడు స్టవ్వులూ నేనే ఇచ్చేస్తాను" అన్నడు. అని, గడప మీద కూసున్న సోమమ్మ దిక్కు తిరిగి, "మీకు గ్లూకోజు ప్యాకెట్లు పంపిస్తానండి" అన్నడు. మంచోడే. ఎక్కేదెవరో, అలిసేదెవరో తెలుసుకోని మర్యాదగ మాట్లాడిండు.

మంగయ్య మీసం దువ్వుకున్నడు. "మా రక్తం. ఇరవై ఏంది, ముప్పై ఎక్కుతది."

సోమమ్మకు నవ్వొచ్చింది గాని నవ్వే ఓపిక లేకపాయె.

మర్నాడు ఒక్కతే దవాఖానకు పోయింది. కొత్త డాక్టరమ్మ గుండె మీద మిషను పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత పాత చీటీలన్నీ తిరగేసింది.

"అమ్మా, ఇప్పుడు ఎవరికి సద్ది కడుతున్నవు?"

"మనుమరాలికి."

"ఇగ బంద్ చెయ్యి. నీ గుండె మస్తు అలిసింది. రోజుకు నాలుగే ఎక్కువ, ఆదివారం ఇరవై అంటున్నరు. తట్టుకోదు. నేను చెప్పాల్సింది చెప్తున్న."

సోమమ్మ గోళీలు కొంగున కట్టుకోని ఇంటికొచ్చి, ఆ ముచ్చట ఎవరికీ చెప్పలేదు. చెప్తే పిల్ల గుట్ట ఎక్కుడు ఆపుతది. ఆపితే ఏడిండ్లల్ల పొయ్యి వెలగది. చెప్పకుంటే ఆదివారం ఏమయితదో ఆమెకు తెలుసు. భయమైంది. కాని ఆ భయం కూడ ఎక్కువసేపు నిలవలే, నిద్ర ముంచుకొచ్చింది.

శుక్రవారం పొద్దున అన్నం వండి, ఆలుగడ్డ కూర చేసి, మూడు గిన్నెలు నింపింది. మూత పెట్టబోతుంటే కండ్లు తిరిగినయి. ఒక్క నిమిషమని గోడకానుకోని కూసున్నది. అంతే, అట్లనే నిద్రపోయింది.

బయట ఆటోవాడు హారన్ కొడుతున్నడు. భార్గవి ఒక చెప్పు ఏసుకోని రెండోది వెతుకుతున్నది. మంగయ్య వంటింట్లకు తొంగి చూసిండు. తెరిచిన డబ్బా, పక్కన నిద్రపోయిన పెండ్లాం. గిన్నెల మీద గిన్నె పెట్టి, కడ్డీ బిగించి, గుడ్డతోని మూటగట్టి, "జల్దీ పో బిడ్డా" అని పిల్ల చేతికిచ్చిండు. అది కడుతున్నది తన చెయ్యి అన్న సోయి ఆయనకు లేదు. జిందగీల మొదటిసారి సద్ది కట్టిండు, అదీ పరాకుల.

సోమమ్మ లేచేసరికి పొద్దు వాలింది. నాలుగున్నర దాటింది. గుట్ట మీద పిల్లలు ఈలలేస్తున్నరు, భార్గవి ఎక్కుతున్నట్టే. సోమమ్మ మోకాళ్లు పట్టుకోని ఎదురుచూసింది. ఏం రాలే. లేచి నిలబడింది. మళ్లా కూసున్నది. ఇంట్ల ఏదో వస్తువు పోయినట్టు నాలుగు మూలలు చూసింది. ఉన్న పాతది ఉన్నది గాని, దాని మీద కొత్తది వచ్చి పడలే.

మంగయ్యకేమైందో తర్వాత బిచ్యా చెప్తే తెలిసింది. బిచ్యా కూడ పాత ఫిల్లరే, మంగయ్యతోని ఒకటే గ్యాంగుల చేసిండు. రోజూ సాయంత్రం ఇద్దరు చాయ హోటల్ల కూసుంటరు. ఆ రోజు నడిమిట్ల మంగయ్య చేతిల గ్లాసు జారింది. కాసేపటికి బెంచీ మీద వెల్లకిల పడ్డడు.

"బిచ్యా, నూటెనిమిదికి ఫోన్ చెయ్యి. నా పని అయిపోయింది. కాళ్లు నావి కావు."

"నొప్పా?"

"నొప్పి కాదు. ఇసుక పోసినట్టుంది. రెప్పలు లేస్తలేవు. ఎవరన్న మాట్లాడితే ఏడుపొస్తాంది. సోమమ్మకు చెప్పు, పింఛను బుక్కు పెట్టెల ఉన్నదని."

బిచ్యా ఆయన నాడి చూసిండు, నొసలు ముట్టుకున్నడు. గుట్ట దిక్కు చూసిండు. అప్పుడే భార్గవి నాలుగోసారి దిగుతున్నది. బిచ్యాకు సమజైంది.

"ఏం కాలేదురా. అలిసినవ్. గంతే."

మంగయ్య కండ్లు తెరిచి చూసిండు. "అలుపంటే గిట్లుంటదా?"

బిచ్యా ఆయనను రెక్కలు పట్టి లేపిండు. స్కూటర్ మీద కూసోబెట్టుకోని, పడిపోకుండ తన నడుముకు తువ్వాలతోని కట్టుకోని తెచ్చి దించిపోయిండు.

మంగయ్య మంచంల పడ్డడు. సోమమ్మ నీళ్లు తాగిపిచ్చి, చెప్పులు విప్పి, కాళ్ల కింద దిండు పెట్టింది. ఎక్కడ పెడితే కొంచెం నయమనిపిస్తదో ఆమెకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఆయన ఇంటి కప్పు దిక్కు చూసుకుంట అడిగిండు.

"రోజూ గిట్లనే ఉండేదా?"

"అవ్."

"నాలుగుసార్లు ఒక పోరి గుట్ట ఎక్కితే గింత. మరి నా షిఫ్టు దిగినంక?"

సోమమ్మ దుప్పటి ఆయన కాళ్ల మీదికి గుంజింది.

"డబుల్ డ్యూటీల నాడు?"

"ఇప్పుడెందుకయ్యా, పండుకో."

"చెప్పకపోతివి?"

"నీకు ఎరుకే కద."

"ఎరుకే. గాని గింతనుకోలే." ఆమె దిక్కు తిరిగి, "నా మీద కోపం రాలేదా?" అని అడిగిండు.

"కోపం రావాల్నన్నా ఓపిక ఉండాలె కద. నాకు ఉండకపాయె."

ఆ మాట అన్నంక ఆమెకు ఏడుపొచ్చింది. కొంగు నోట్ల కుక్కుకోని ఏడ్సింది. మంగయ్య లేచి ఆమె దగ్గరికి పోదామనుకున్నడు, కాళ్లు లేవలే. ఇద్దరి నడుమ నాలుగడుగుల జాగా ఉన్నది. ఆ నాలుగడుగులు నడుసుడు ఆయన వల్ల కాలేదు. కాసేపటికి ఆమెనే కొంగు ముడి విప్పి గోళీలు చూపెట్టి, డాక్టరమ్మ అన్న మాట చెప్పింది.

"మరి ఆదివారం బంద్ పెడదాం" అన్నడు మంగయ్య.

"ఏడిండ్లయ్యా."

ఆయన గోడకు వేలాడుతున్న పాత టోపీ దిక్కు చూసిండు, బాయిల పెట్టుకునేది. "అయితే ఆదివారం డ్యూటీ మస్టరు నాది."

ఆదివారం తెల్లారగట్ల నాలుగ్గంటలకు వంటింట్ల గిన్నెలు దబదబ పడ్డయి. సోమమ్మ లేవబోతే, "నువ్వు రాకు" అని కేకేసిండు. అన్నం మాడిన వాసనొచ్చింది. ఉల్లిగడ్డ కోసినంతసేపు ముక్కు ఎగబీల్సిన సప్పుడైంది. ఆరింటికి రెండు డబ్బాలు గడప మీద పెట్టిండు. ఒకటి స్టీలుది. రెండోది అటక మీది నుంచి తీసిన సొట్టల సిల్వరు డబ్బా.

"ఇదెవరికి?"

"నీకు. నువ్వెన్నడన్న ఆ గుట్ట ఎక్కినవా?"

"ఇంటికాడ ఎవరుంటరు మరి?"

"నేనుంట."

ఆయన డ్యూటీ బూట్లు తొడుక్కున్నడు, టోపీ పెట్టుకున్నడు. మంచం వాకిట్లకు ఈడ్సుకోని, గుట్ట కనపడేటట్టు ఏసుకోని, కాళ్లు బారజాపి కూసున్నడు.

గుట్ట కింద కాలనీ అంత జమైంది. ట్రాలీ ఆటోల ఏడు పొయ్యిలు అట్టపెట్టెలల్ల ఉన్నయి. నాగచైతన్య మంగయ్య వాకిలి దిక్కు చూసి గ్లూకోజు ప్యాకెట్లు ఆ మంచం కాడికే పంపిండు. హరిప్రసాద్ సారు బోర్డు మీద సున్న కొట్టి ఈల ఊదిండు. భార్గవి గుట్ట కింద కూసోని డబ్బా తెరిచి నాలుగు బుక్కలు తిని, మొహం చిట్లించి, "తాతా, ఉప్పు" అని వాకిలి దిక్కు ఒకసారి అరిచి ఉరికింది.

సోమమ్మ తన డబ్బా తెరవలేదు. చంకల పెట్టుకోని తన అలుపుతోనే మెల్లగ ఎక్కింది. పది అడుగులకోసారి ఆగి కానుగ చెట్టు పట్టుకున్నది. భార్గవి పక్క నుంచి పైకి పోయింది, కిందికొచ్చింది, మళ్లా పోయింది. ఆమె సగం ఎక్కేసరికి పిల్లకు అయిదైనయి. పైకి చేరేసరికి పద్నాలుగైనయి. ఎండ నెత్తి మీదికొచ్చింది.

పైన ఒక బండరాయి మీద కూసోని దమ్ము తీసుకున్నది. ఒక దిక్కు నల్లగ బొగ్గు గుంత. ఇంకో దిక్కు భద్రాచలం దాక అడవి. కాలనీ రేకులన్నీ ఒక్కతీరుగ మెరుస్తున్నయి. తన ఇల్లేదో గుర్తుపట్టేదానికి ఆమెకు టైము పట్టింది. నలభై ఏండ్లున్నది అండ్ల, పై నుంచి ఎన్నడు చూసిందని? వాకిట్ల మంచం కనపడ్డది. మంచం మీద మంగయ్య వెల్లకిల పడి ఉన్నడు.

భార్గవి ఇరవయ్యోసారి పైకొచ్చింది. కింద డప్పు మోగింది, ట్రాలీ మీద తాళ్లు విప్పుతున్నరు. పిల్ల మొహం మీద చెమట కూడ లేదు. కాని కండ్లల్ల గుబులున్నది.

"బాపమ్మా, తాత ఇందాకటి సంది లేస్తలేడు."

"లేవడు. పానం పోయినట్టే అనిపిస్తది గాని, పోదు. కొత్త కద. రేపు పొద్దుగాల చాయ తాగితే లేస్తడు."

సోమమ్మ ఒళ్ల పెట్టుకోని సిల్వరు డబ్బా తెరిచింది. మాడిన అన్నం, పెంకులు సరిగ తియ్యని కోడిగుడ్ల కూర. కాపురానికొచ్చిన సంది ఇంకొకరు కట్టిచ్చిన సద్ది ఆమె తిన్నది లేదు. ఒక ముద్ద నోటి కాడికి తెచ్చి ఆగింది. ఇది తింటే తను ఎక్కినదాని అలుపు కూడ ఆ మంచం మీదికే పోతది. ఇరవై ఎక్కుళ్లు మోసిండు ఇప్పటికే. పాపమనిపించింది. సగం తిని సగం ఉంచుదామని, సగం అన్నం తీసి మూతల పెట్టింది. సగం సగమైతే న్యాయమే కద అనుకున్నది.

మొదటి ముద్ద ఉప్పు కషాయం. రెండో ముద్దకు పెంకు తగిలింది. మూడో ముద్ద మింగంగనే అరికాళ్లల్ల ఏదో సడలింది. మోకాళ్లల్ల సడలింది. నడుముల సడలింది. గుండె మీద చెయ్యి పెట్టుకోని చూసుకున్నది, సాఫుగ కొట్టుకుంటున్నది. కింద మంగయ్య చెయ్యి ఒకటి మంచం మీది నుంచి లేచి, గాల్లో ఊగి, మళ్లా పడ్డది. రమ్మన్నడో, తినమన్నడో.

డబ్బాల సగం అయిపోయింది. సోమమ్మకు ఇంకా ఆకలైతాంది. ఎన్నేండ్ల కింద అయిందో ఇసొంటి ఆకలి, ఆమెకే యాదికి లేదు. మూతల సగం దిక్కు చూసింది. మంచం దిక్కు చూసింది. సగం సగం రేపటి సంది అనుకోని, మూత ముందటికి జరుపుకోని, ఒక్క మెతుకు మిగలకుండ తిన్నది.

డబ్బా మూటగట్టి, కొంగు నడుముల చెక్కుకోని లేచి నిలబడ్డది. దేన్నీ పట్టుకోకుండనే లేచింది.

"దిగుదమా బాపమ్మా?"

"దిగుదం. దిగి మళ్లెక్కుదం."

"ఇరవై అయిపోయినయి కద?"

"నీయి అయినయి బిడ్డా" అన్నది సోమమ్మ, అప్పటికే నాలుగడుగులు కిందికి వేసి. "నాది ఒక్కటే అయింది."